అదనపు బాధ్యతల కుర్చీ: విశాఖ విశ్వవిద్యాలయాల సాంకేతిక నాయకత్వంలో ఎవరికి చోటు?

విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సెంటర్ డైరెక్టరు మారినప్పుడు బయటికి వచ్చేది ఒకే ఒక్క పేజీ ఉత్తర్వు. ఫలానా శాఖకు చెందిన ఆచార్యులు తమ ప్రస్తుత విధులతో పాటు, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు, ఈ బాధ్యతలు కూడా నిర్వర్తిస్తారని అందులో ఉంటుంది. కింద రిజిస్ట్రార్ సంతకం, ప్రతులు ఎవరెవరికి పంపాలో ఆరేడు హోదాలు. దానికి ముందు దరఖాస్తులు కోరుతూ నోటిఫికేషన్ వెలువడదు, అర్హతలు ఇవీ అని ఎక్కడా రాసిపెట్టి ఉండదు, ఇంటర్వ్యూ జరగదు, ఏ పోస్టు ఏ రిజర్వేషన్ వర్గానికి వెళ్లాలో వరుసగా చూపే రోస్టర్ రిజిస్టరు తెరవవలసిన అవసరమూ రాదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ చోట్ల ఆనవాయితీగా సాగుతున్న పద్ధతి ఇదే. ఉన్నత విద్యాసంస్థల సాంకేతిక నాయకత్వంలో మహిళలు, దళితులు, ఆదివాసీలు, దివ్యాంగులు ఎందుకు తక్కువగా కనిపిస్తారన్న ప్రశ్నకు జవాబు వెతికేవారు సాధారణంగా ఇంజనీరింగ్ తరగతి గదుల దగ్గరో, కుటుంబ కట్టుబాట్ల దగ్గరో మొదలుపెడతారు. మొదలుపెట్టవలసింది ఈ ఒక్క పేజీ కాగితం దగ్గర.

పాతికేళ్ల కిందట కంప్యూటర్ సెంటర్ అంటే ఏసీ గదిలో నాలుగు వరుసల యంత్రాలు, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లే విద్యార్థులు. అప్పట్లో ఆ గది బాధ్యత ఎవరిదన్నది పెద్దగా ఎవరికీ పట్టలేదు, పట్టవలసిన అవసరమూ అంతగా లేదు. ఇవాళ ప్రవేశ దరఖాస్తు మొదలుకొని ఫీజు, హాజరు, హాల్‌టికెట్టు, ఫలితం, రివాల్యుయేషన్, పట్టా దాకా విద్యార్థి చదువంతా ఆ గదిలోని సర్వర్ల గుండానే సాగుతోంది. ఉద్యోగి జీతం బిల్లు, సెలవు, పదోన్నతి ఫైలు కూడా అక్కడికే చేరుతున్నాయి. 2010లో కేంద్రం ఆమోదించిన జాతీయ జ్ఞాన నెట్‌వర్క్‌తో ప్రాంగణాలకు వేగవంతమైన అనుసంధానం వచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలై తరగతులన్నీ తెర మీదికి మారాయి. 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన, విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను జమచేసి ఉంచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, డిజిలాకర్‌లో చేరిన మార్కుల జాబితాలు ఆ గది పనిని ప్రాంగణం గోడలు దాటించాయి. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఎవరికి ఏ లాగిన్ ఇవ్వాలి, దరఖాస్తు పత్రంలో ఏ ప్రశ్న తప్పనిసరి కావాలి అన్న నిర్ణయాలు ఒకప్పుడు పాలకమండలి చర్చించే విధానాలంత బరువైనవిగా మారాయి. బాధ్యత ఇంతగా పెరిగినా, ఆ బాధ్యుణ్ణి ఎంచుకునే పద్ధతి మాత్రం చెప్పులు గుమ్మం బయట విడిచిన కాలంలోనే ఆగిపోయింది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి విశాఖపట్నం తగిన చోటు. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోది. రుషికొండ దగ్గరి గీతం 1980లో ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలగా పుట్టి 2007లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, 2015లో మొదలై ఇప్పుడు గంభీరంలో ఉన్న ఐఐఎం, ఆ మరుసటి ఏడాది 2016లో మొదలైన భారతీయ పెట్రోలియం, ఇంధన సంస్థ ఉన్నాయి. రాష్ట్ర, కేంద్ర, ప్రైవేటు సంస్థలు మూడూ ఒకే నగరం చుట్టూ ఉన్నాయి. మూడింటికీ ఉద్యోగ నియామకాల్లో వర్తించే చట్టాలు వేరువేరు. అయితే సాంకేతిక విభాగాధిపతిని ఎంచుకునే దగ్గరికి వచ్చేసరికి ఈ మూడింటిలోనూ చట్టం చేయి అందని ఖాళీ ఒకటి ఏర్పడుతుంది. అది ఎలా ఏర్పడుతుందో కొంచెం వివరంగా చూడాలి.

రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఒక పోస్టుకు నియామకం జరగాలంటే రోస్టర్ ప్రకారం జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం, బీసీలకు 29 శాతం, ఆర్థికంగా వెనుకబడినవారికి 10 శాతం, ఆ అన్నింటిలో మహిళలకు మూడో వంతు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద 4 శాతం. ప్రభుత్వ ఉద్యోగాల్లో మహిళలకు వాటా విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపిందనే చెప్పాలి: 1984లో రాష్ట్రం తెచ్చిన 30 శాతం నిబంధనను మహిళలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి వీలిచ్చే రాజ్యాంగంలోని 15(3) అధికరణం ఆధారంగా సుప్రీంకోర్టు 1995లో, పి.బి.విజయకుమార్ కేసులో సమర్థించింది. అయితే ఇవన్నీ పోస్టుకు వర్తించే నియమాలు. అదనపు బాధ్యత అనేది పోస్టు కాదు; అది ఒక పోస్టులో ఉన్న మనిషికి అప్పగించే పని. కనుక రోస్టర్ దాన్ని తాకదు.

పోనీ, ఆ అదనపు బాధ్యతను తీసివేసి పూర్తికాలపు డైరెక్టరు పోస్టు మంజూరు చేస్తే సరిపోతుందా అంటే, అక్కడా ఒక చిక్కు ఉంది. చండీగఢ్‌లోని వైద్య విద్యాసంస్థ పీజీఐ అధ్యాపక సంఘం కేసులో 1998లో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, ఒకే ఒక్క పోస్టు ఉన్న కేడర్‌లో (ఒకే హోదా పోస్టుల సమూహంలో) రిజర్వేషన్ అమలు చేయరాదని తేల్చింది. అలా చేస్తే ఆ పోస్టు నూటికి నూరు శాతం ఒక వర్గానికే కేటాయించినట్టవుతుందన్నది కోర్టు తర్కం. విశ్వవిద్యాలయానికి ప్రధాన సాంకేతిక అధికారి ఒక్కరే ఉంటారు. కనుక పోస్టు లేకపోతే రోస్టర్ లేదు, పోస్టు ఉన్నా రోస్టర్ లేదు. రిజర్వేషన్ లెక్కకు తీసుకునే యూనిట్ ఎంత చిన్నదైతే రిజర్వేషన్ అంత పలచబడుతుందన్న సంగతి అధ్యాపక నియామకాల్లో ఇప్పటికే దేశమంతా చూసింది. శాఖను యూనిట్‌గా తీసుకోవాలా, మొత్తం సంస్థను తీసుకోవాలా అన్న వివాదం అలహాబాద్ హైకోర్టు 2017 తీర్పుతో రాజుకొని, చివరికి కేంద్ర విద్యాసంస్థల్లో మొత్తం సంస్థే యూనిట్ అని 2019లో పార్లమెంటు చట్టం చేసే దాకా వెళ్లింది. ఆ చట్టం ఉపాధ్యాయ కేడర్‌కు సంబంధించినది. సాంకేతిక సిబ్బంది గురించి అంత చర్చ ఎప్పుడూ జరగలేదు.

ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగ రిజర్వేషన్ ప్రశ్నే లేదు. ఇరవై మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు కూడా దివ్యాంగులకు సమానావకాశ విధానం రాసి ప్రకటించాలని 2016 చట్టం కింది నియమాలు చెబుతున్నాయి. ఆ విధానం పత్రం ఉన్నచోట కూడా అది కింది స్థాయి నియామకాలకే పరిమితమవుతుంది.

ఇక్కడ అదనపు బాధ్యత ఎవరికి దక్కుతుందో చూద్దాం. ఆనవాయితీ ప్రకారం అది ఆచార్యుల స్థాయిలో ఉన్నవారికి, అందులోనూ కంప్యూటర్ సైన్సు, ఎలక్ట్రానిక్స్ శాఖలవారికి వెళుతుంది. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలోని అధ్యాపకుల్లో మహిళలు 43.4 శాతం. ఈ అంకె చూసి సంతోషించవచ్చు. కానీ సహాయ ఆచార్యుల నుంచి ఆచార్యుల స్థాయికి వెళ్లేసరికి ఆ వాటా బాగా పడిపోతుందని అదే సర్వే చూపుతోంది. దీనికి తోడు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో బోధన పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి నిలిచిపోవడం వల్ల, రోస్టర్ ద్వారా లోపలికి రావలసినవారు రానే లేదు. రానివారు సీనియర్లు ఎలా అవుతారు? అలా కుదించుకుపోయిన గుంపులో నుంచి, నోటిఫికేషన్ లేకుండా, ఉపకులపతికి పరిచయం ఉన్న, నమ్మకం ఉన్న వ్యక్తిని ఎంచుకుంటారు. నమ్మకం అన్నది సాధారణంగా పరిచయం నుంచి పుడుతుంది. పరిచయం ఒకే శాఖ నుంచి, ఒకే బ్యాచి నుంచి, దాచిపెట్టకుండా చెప్పాలంటే ఒకే సామాజిక వర్గం నుంచి పుడుతుంది. ఎంచుకునేవారికి చెడు ఉద్దేశం ఉండనక్కరలేదు. తలుపు మూసి ఉన్నప్పుడు ఎదురుగా కనిపించేవారే గుర్తుకు వస్తారు.

ఆ కుర్చీకి దిగువన పరిస్థితి పూర్తిగా వేరు. సర్వర్లు నడిపే, డేటాబేసు చక్కదిద్దే, విద్యార్థి ఫోన్లకు జవాబు చెప్పే పనిలో ఎక్కువ భాగం కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందిది. వారిలో మహిళలున్నారు, గాజువాక, పెందుర్తి, అనకాపల్లి నుంచి రోజూ వచ్చిపోయేవారున్నారు, తమ కుటుంబంలో మొదటి పట్టభద్రులైనవారున్నారు. పదేళ్లుగా పరీక్షల సాఫ్ట్‌వేర్‌ను చేతుల మీద నడిపిస్తున్న ప్రోగ్రామరుకు ఆ వ్యవస్థ గురించి తెలిసినంతగా, నిన్న బాధ్యతలు తీసుకున్న డైరెక్టరుకు తెలిసే అవకాశం లేదు. అయినా ఆమె పేరు ఆ ఒక్క పేజీ ఉత్తర్వులో ఎన్నటికీ రాదు, ఎందుకంటే ఆమె బోధన సిబ్బంది కాదు, రెగ్యులర్ ఉద్యోగి కాదు, కొన్నిచోట్ల విశ్వవిద్యాలయ ఉద్యోగే కాదు, ఏజెన్సీ మనిషి. సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం సంస్థ ప్రకటించే ఉద్యోగుల జాబితాలో కూడా ఇలాంటివారి పేర్లు ఉండటం అరుదు. వైవిధ్యం లేదని చెప్పడం, ఈ లెక్కన, పూర్తి నిజం కాదు. ఆ గదిలో వైవిధ్యం ఉంది. నిచ్చెన లేదు.

ఒక మామూలు ఉదయాన్ని తలచుకుంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. యూపీఎస్ బ్యాటరీలు మార్చడానికి సరఫరాదారు ప్రతినిధి వస్తాడు. కీబోర్డు ముందు కూర్చున్న సిస్టమ్ అడ్మినిస్ట్రేటరును చూసి, “సార్ ఎక్కడున్నారు మేడమ్?” అని అడుగుతాడు. ఏ బ్యాటరీ ఎన్ని నెలలుగా ఉబ్బి ఉందో, ఏ సర్వర్ ర్యాక్ ఎంత లోడు లాగుతుందో, గతసారి అదే సంస్థ తక్కువ సామర్థ్యం ఉన్నవి పెట్టి ఎలా దాటవేసిందో ఆమెకు తెలుసు. ఆమె ఓర్పుగా, “నాతో చెప్పండి, నేనే చూస్తాను” అంటుంది. అతను తలూపి, పక్కనే నిలబడ్డ జూనియర్ టెక్నీషియన్ వైపు తిరిగి వివరించడం మొదలుపెడతాడు, ఆ కుర్రవాడు మగవాడు కనుక. గొడవ జరగదు, ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. ఇలాంటి ఉదయాలు వందలకొద్దీ గడిచాక, కొనుగోలు కమిటీలో ఎవరిని వేయాలన్న మాట వచ్చినప్పుడు ఆ కుర్రవాడి పేరే ముందు గుర్తుకు వస్తుంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చట్టం వచ్చింది, ఆ తరువాత ఉన్నత విద్యాసంస్థలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. అవి ఎంతో అవసరమైనవి. కానీ ఫిర్యాదు చేయడానికి ఏ పేరూ లేని ఈ రోజువారీ పక్కకు నెట్టడాన్ని అంతర్గత ఫిర్యాదుల కమిటీ పట్టుకోలేదు.

మరో అడ్డంకి రాత్రి. ఫలితాలు విడుదల చేసేది చాలాసార్లు సాయంత్రం దాటాకే. సర్వరు మీద భారం తగ్గే సమయమని మరమ్మతులు అర్ధరాత్రి పెట్టుకుంటారు. మద్దిలపాలెం నుంచి గాజువాకకు రాత్రి పది దాటాక వెళ్లడం ఒక ఎత్తు, సబ్బవరం నుంచో గంభీరం నుంచో నగరంలోకి రావడం మరో ఎత్తు. సంస్థ వాహనం ఏర్పాటు చేయకపోతే, రాత్రి ఉండగలిగినవారే ఉంటారు. అలా ఉన్నవారు ‘అంకితభావం ఉన్నవారు’ అవుతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి, నగరానికి రోజుల తరబడి విద్యుత్తు లేదు. అలాంటి విపత్తులో వ్యవస్థను మళ్లీ నిలబెట్టేది ప్రాంగణానికి నడిచి రాగలిగినంత దగ్గర్లో ఉన్నవారే అని పైకి తోస్తుంది. నిజానికి అప్పుడు కావలసింది కాగితం మీద రాసిపెట్టిన విధానం: ఏ యంత్రం ముందు ఆన్ చేయాలి, ఏ బ్యాకప్ ఎక్కడుంది, ఎవరు లేకపోతే ఎవరు చూడాలి. అది రాసి ఉన్నచోట ఎవరైనా ఆ పని అందుకోగలరు. రాసి లేనిచోట, సమాచారమంతా ఒకరి బుర్రలో ఉన్నచోట, ఆ ఒక్కరు తప్ప మరొకరు నాయకులు కాలేరు. సముద్రపు ఒడ్డున, తుఫాను దారిలో ఉన్న నగరానికి ఇది వైవిధ్యం ప్రశ్నతో పాటు భద్రత ప్రశ్న కూడా.

నాయకత్వంలో ఎవరున్నారన్నది ఉద్యోగుల గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. నష్టపోయేది చివరికి విద్యార్థి. తెలుగువారి పేరు ఇంటిపేరుతో మొదలవుతుంది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్కోసారి చివరికి చేరుతుంది. బయట తయారైన సాఫ్ట్‌వేర్ మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గడులు ముందు పెడుతుంది. అమ్మాయి ఒక రకంగా నింపుతుంది, మీసేవ కేంద్రంలో అబ్బాయి మరో రకంగా నింపుతాడు. రెండేళ్ల తరువాత స్కాలర్‌షిప్పు దగ్గర ‘పేరు సరిపోలలేదు’ అని ఆగిపోతుంది. పెళ్లి తరువాత ఇంటిపేరు మారి పీహెచ్‌డీలో చేరిన మహిళకు ఇదే చిక్కు ఇంకో రూపంలో ఎదురవుతుంది. మూడు గడుల స్థానంలో ‘సర్టిఫికెట్టులో ఉన్నట్టుగా పూర్తి పేరు’ అని ఒకే గడి పెట్టమని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ఆ ఇబ్బంది పడ్డ మనిషి ఒకరు సమావేశంలో ఉండి, ఆ మనిషి మాటకు విలువ ఉంటే చాలు.

పాడేరు, చింతపల్లి, ముంచంగిపుట్టు నుంచి వచ్చే విద్యార్థుల సంగతి ఇంతకంటే తీవ్రమైనది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో ఏజెన్సీ ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది గానీ, పై చదువులకు ఆ పిల్లలు ఇప్పటికీ చూసేది విశాఖ వైపే. ఇంటికంతా ఒక ఫోను. ఆ నంబరు పట్నంలో పనిచేసే అన్న దగ్గర ఉంటుంది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి దరఖాస్తు తెరిస్తే, ఓటీపీ అన్న ఫోనుకు వెళుతుంది. అతను చూసి తిరిగి చెప్పేలోగా గడువు తీరిపోతుంది. ఫీజు చివరి తేదీ సందేశం కూడా అక్కడికే పోతుంది. ఓటీపీ గడువు ఎన్ని నిమిషాలు ఉండాలి, ఈమెయిల్‌కు కూడా పంపాలా, కళాశాల కార్యాలయం నుంచి ధ్రువీకరించే మార్గం ఉండాలా అన్నవి సాంకేతిక నాయకత్వం తీసుకునే చిన్నచిన్న నిర్ణయాలు. ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చి అదే ప్రాంగణంలో చదివి, అదే కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తున్న ఉద్యోగి ఈ మాట మొదటి సమావేశంలోనే చెప్పగలడు. అతణ్ణి సమావేశానికి పిలవాలి కదా, అదీ అసలు సంగతి.

దృష్టి లోపం ఉన్న విద్యార్థికి హాల్‌టికెట్టు స్కాన్ చేసిన బొమ్మగా వస్తే, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు; లాగిన్ దగ్గర వంకర అక్షరాల పరీక్ష (క్యాప్చా) పెడితే లోపలికే పోలేడు. సమాచార సాంకేతిక ఉత్పత్తులు, సేవలు అందరికీ అందుబాటులో ఉండేందుకు ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందుబాటుకు సంబంధించిన ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలు తేవాలని రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ ఈ తీర్పు విశ్వవిద్యాలయంలో అమలయ్యేది టెండరు పత్రంలో ఆ ప్రమాణం పేరు రాసినప్పుడే. అది రాయకుండా కొన్న సాఫ్ట్‌వేర్‌ను తరువాత సరిచేయించడం ఎంత కష్టమో, ఎంత ఖర్చో ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల విషయంలోనూ ఇంతే. ట్రాన్స్‌జెండర్ల హక్కులపై సుప్రీంకోర్టు ఇచ్చిన 2014 నాటి నల్సా తీర్పు, 2019 నాటి చట్టం గుర్తింపు హక్కును నిలబెట్టాయి. అయినా చట్టబద్ధంగా పేరు మార్చుకున్న తరువాత కూడా ఆన్‌లైన్ తరగతి తెర మీద పాత పేరే మెరుస్తుంటే, ఆ హక్కు ఒక లాగిన్ దగ్గర ఆగిపోయినట్టే. దాన్ని మార్చడానికి ఎవరి అనుమతి కావాలో ఎక్కడా రాసి ఉండదు. డేటాబేసులో ఒక వరుస మార్చే పని కోసం ఆ విద్యార్థి నాలుగు కార్యాలయాలు తిరగవలసి వస్తుంది.

ఇతర దేశాల అనుభవం కొంత ఉపయోగపడుతుంది, కొంత ఉపయోగపడదు. అమెరికాలో ఉన్నత విద్యా సాంకేతిక నిపుణుల సంఘం ఎడ్యుకాజ్ 1998లో రెండు పాత సంఘాల కలయికతో ఏర్పడింది. వైవిధ్యానికి, సమానత్వానికి కట్టుబడి ఉంటామని విశ్వవిద్యాలయాల ప్రధాన సమాచార అధికారులు తమ పేర్లతో సంతకాలు చేసిన ప్రకటన ఒకటి ఆ సంఘం ద్వారా వెలువడింది. ఆ తరువాత గాలి మారింది. 2024 జనవరి 1 నుంచి టెక్సస్ రాష్ట్రం ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్య కార్యాలయాలను చట్టంతో మూసివేయించింది. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వ స్థాయిలోనూ అలాంటి కార్యక్రమాలకు వ్యతిరేకంగా అధ్యక్షుడి ఉత్తర్వులు వచ్చాయి. యాజమాన్యం ఇష్టపడి చేపట్టిన కార్యక్రమం కావడం వల్ల, మరో ఇష్టంతో అది కొట్టుకుపోయింది. ఇక్కడ పునాది వేరు: రిజర్వేషన్లకు ఆధారమైన మన రాజ్యాంగంలోని 15, 16 అధికరణాలు ఒక సంవత్సరం ఉత్తర్వుతో పోయేవి కావు. బ్రిటన్ అనుభవంలో మనకు పనికివచ్చే విషయం మరొకటి. అక్కడ విజ్ఞానశాస్త్ర శాఖల్లో మహిళల పురోగతి కోసం 2005లో మొదలైన అథీనా స్వాన్ చార్టర్, పదేళ్ల పాటు అధ్యాపకులనే లెక్కించి, 2015లో గాని వృత్తిపరమైన, సహాయక సిబ్బందిని పరిధిలోకి తీసుకోలేదు. మన దేశంలో విజ్ఞానశాస్త్ర సంస్థల్లో మహిళల పురోగతి కోసం 2020లో ప్రకటించిన గతి కార్యక్రమం ఆలోచన కూడా అక్కడి నుంచి వచ్చిందే. సాంకేతిక సిబ్బంది ఎప్పుడూ లెక్కలో చివరికి మిగిలిపోతారన్నది రెండు దేశాల్లోనూ ఒక్కటే.

ఈ చర్చ మొదలవగానే వినిపించే మాట ఒకటుంది: ‘ఇస్తామంటే ఆడవాళ్లే వద్దంటున్నారు.’ కొన్నిసార్లు ఇది నిజమే. అయితే వారు వద్దంటున్నది ఏమిటో చూడాలి. బోధన భారం తగ్గదు, అదనంగా వచ్చే గౌరవ వేతనం నామమాత్రం, రాత్రి ఫోను మోగుతుంది, సర్వరు ఆగితే పత్రికలో పేరు వస్తుంది. అన్నిటికంటే బరువైనది సంతకం. లక్షల రూపాయల కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టినవారే ఐదేళ్ల తరువాత ఆడిట్ అభ్యంతరానికి జవాబు చెప్పుకోవాలి. అప్పటికి ఆ ఫైలు నడిపిన ఉపకులపతి ఉండరు, రిజిస్ట్రార్ మారిపోతారు. వెనక పలుకుబడి ఉన్నవారు దీన్ని తేలిగ్గా తీసుకోగలరు. వెనక ఎవరూ లేని దళిత అధ్యాపకుడికి, కమిటీలో ఒంటరిగా కూర్చునే మహిళకు ఆ సంతకం అవకాశం కంటే ముందు ప్రమాదంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. కొనుగోలు నిర్ణయాలు ఒక కమిటీ పేరుతో, కారణాలు రాసిపెట్టి జరిగితే, ఆ భయం చాలా వరకు పోతుంది. ప్రతిభ తగ్గుతుందన్న వాదన గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: దరఖాస్తులు పిలవకుండా, ఎవరినీ ఎవరితోనూ పోల్చకుండా చేసే ఎంపికలో ప్రతిభను కొలిచింది ఎక్కడ?

తగినవారు దొరకరన్న మాట కూడా ఈ నగరంలో నిలవదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే 2010లో మహిళల కోసం ఇంజనీరింగ్ కళాశాల పెట్టింది. మొదటి బ్యాచిల అమ్మాయిలు ఇప్పుడు ముప్పయ్యో పడి దాటినవారు, ఏ సంస్థలోనైనా విభాగాన్ని నడిపే వయసుకు చేరినవారు. వారిలో ఎందరో హైదరాబాద్, బెంగళూరు చేరారు. 2023లో ఇన్ఫోసిస్ రుషికొండకు వచ్చింది. 2025 అక్టోబరులో గూగుల్, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో కృత్రిమ మేధ కేంద్రం పెడతామని ప్రకటించింది. నైపుణ్యం ఉన్నవారికి నగరంలోనే గిరాకీ పెరిగే కాలంలో జీతంలో విశ్వవిద్యాలయం ఆ సంస్థలతో పోటీ పడలేదు. సొంత ఊరు, స్థిరత్వం, ఎదిగే దారి అన్న మూడింటిలో మొదటి రెండూ చూపించి ఇంతకాలం నెట్టుకొచ్చింది. కాంట్రాక్టుతో రెండోది పోయింది. మూడోది లేకపోతే మిగిలినవారు కూడా మిగలరు.

ఏం చేయవచ్చన్నది అంత జటిలమైన ప్రశ్న కాదు, చేయాలన్న పట్టుదలే కావాలి. ఒక్క పోస్టుకు రోస్టర్ పెట్టలేకపోయినా, ఆ ఒక్క పోస్టు కింద ఉపసంచాలకులు, సీనియర్ ప్రోగ్రామర్లు, నెట్‌వర్క్ ఇంజనీర్ల కేడర్‌ను మంజూరు చేసి, మొత్తం విశ్వవిద్యాలయాన్ని యూనిట్‌గా తీసుకొని భర్తీ చేస్తే, రోస్టర్ పనిచేయగలిగిన స్థలం ఏర్పడుతుంది. పై కుర్చీకి మనుషులు తయారయ్యేది అక్కడే. అదనపు బాధ్యత ఇవ్వక తప్పనప్పుడు కూడా ప్రాంగణంలో అందరికీ తెలిసేలా సర్క్యులర్ పంపి, ఆసక్తి ఉన్నవారి నుంచి అర పేజీ దరఖాస్తు అడగడానికి ప్రభుత్వ అనుమతి అక్కరలేదు. బోధనేతర సాంకేతిక సిబ్బందికి అందులో అర్హత కల్పించడం పాలకమండలి తీర్మానంతో అయ్యే పని. ఎవరు ఏ స్థాయిలో ఉన్నారన్న లెక్క, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ సిబ్బందితో సహా, ఏటా ప్రకటించాలి. కులం, వైకల్యం వంటి వివరాలు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని దృష్టిలో పెట్టుకొని జాగ్రత్తగా సేకరించి, పేర్లు లేకుండా అంకెలు మాత్రమే బయటపెడితే సరిపోతుంది. సాంకేతిక విభాగమే ఆ డేటాను కాపాడుతుంది కనుక, ఈ జాగ్రత్తకు అది తానే నమూనా కావాలి.

ఇక ఆ ఒక్క పేజీ ఉత్తర్వు విషయానికొస్తే, అందులో మారవలసింది ఒక్క వాక్యం. ‘తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు’ అన్నచోట మూడేళ్ల తరువాతి తేదీ ఒకటి వేసి, దాని కిందనే సహ బాధ్యురాలిగా పరీక్షల సాఫ్ట్‌వేర్ చూస్తున్న ప్రోగ్రామరు పేరు రాసి, కొనుగోలు కమిటీలో ఆమెకు ఓటు ఉంటుందని చేర్చాలి. ఆ తేదీకి ఆరు నెలల ముందు తదుపరి సర్క్యులర్ వెలువడాలని, రాత్రి విధులకు వాహనం విశ్వవిద్యాలయమే పంపాలని మరో రెండు పంక్తులు పడతాయి. అప్పటికీ ఉత్తర్వు ఒక పేజీ దాటదు.